గురక పెడుతున్నాడంటే నిద్రపోతున్నట్టు కాదా? రోడ్డు పక్కన చూసిన సంగతి

కాలువగట్టు | ఆదివారం, రాత్రి 9:40

పోయిన వారం తుని దాటాక జాతీయ రహదారి పక్కన జరిగింది. అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. తెలిసినవారు ఎవరైనా విడమరచి చెబుతారని రాస్తున్నాను.

బైకు మీంచి పడిన మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. నేను కారు ఆపి దిగేసరికి చుట్టూ పదిహేను మంది మూగి ఉన్నారు. హెల్మెట్ అప్పటికే ఎవరో తీసేశారు. రక్తం పెద్దగా లేదు. వెల్లకిలా పడి గట్టిగా గురక పెడుతున్నాడు. "తాగి పడ్డాడు, ఎంత హాయిగా నిద్రపోతున్నాడో చూడండి" అన్నారొకరు. ఒకరిద్దరు నవ్వారు కూడా. ఒక పెద్దాయన, పాపం మంచి మనసుతోనే, తన కండువా నాలుగు మడతలు వేసి అతని తల కింద పెట్టాడు. ఇంకొకరు నోట్లో నీళ్లు పోయబోతే ఎందుకో భయమేసి నేనే వద్దన్నాను. కండువా పెట్టిన కాసేపటికి గురక ఆగింది. కుదుటపడ్డాడని అందరం అనుకున్నాం.

ఇంతలో 108 వచ్చింది. అందులోని అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. వస్తూనే చేసిన మొదటి పని ఆ కండువా లాగి అవతల పడేయడం. సూది తీయలేదు, సెలైన్ కట్టలేదు. తల వెనుక మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతుల వేళ్లూ చెవుల కింద దవడ మూలల్లో పెట్టి పైకి ఎత్తాడు. ఒకసారి గుర్రుమని పెద్ద చప్పుడు వచ్చింది. ఆ తరువాత ఏ చప్పుడూ లేకుండా ఛాతీ నిండుగా లేచింది. సెల్‌ఫోను వెలుగులో నల్లబడినట్టున్న పెదవులు కాసేపట్లోనే రంగు తిరగడం కళ్లారా చూశాను.

ఆ పని మాలో ఎవరైనా చేయగలిగేదే కదా? అక్కడ పదిహేను మందిమి ఉన్నాం. ముప్పై చేతులు ఉన్నాయి.

మత్తుడాక్టరు | రాత్రి 10:25

కాలువగట్టు గారూ, నీళ్లు వద్దన్నందుకు ముందుగా మీకు నమస్కారం. స్పృహ లేని మనిషికి మింగడం ఉండదు. నోట్లో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లే కాదు, సోడా అయినా గ్లూకోజు అయినా అంతే.

ఇక గురక. మీరు రాసినదాంట్లో నన్ను ఉలిక్కిపడేలా చేసిన వాక్యం "కండువా పెట్టాక గురక ఆగింది" అన్నది. గురక వస్తోందంటే దారి సగం మూసుకుని ఉన్నా గాలి ఎంతోకొంత లోపలికి పోతోందని అర్థం. అది ఆగిందంటే దారి తెరుచుకుని ఉండాలి, లేదా పూర్తిగా మూసుకుపోయి ఉండాలి. పెదవులు నల్లబడ్డాయంటున్నారు కాబట్టి రెండోదే జరిగింది. మందపాటి కండువా తలను ముందుకు వంచి గడ్డాన్ని ఛాతీకి ఆనించింది. మిగిలిన సగం దారి కూడా మూసుకుపోయింది.

నాలుక మొదలు కింది దవడకు అతుక్కుని ఉంటుంది. మెలకువలో కండరాలు బిగువుగా ఉండి దాన్ని ముందుకు పట్టి ఉంచుతాయి. స్పృహ తప్పితే ఆ బిగువు పోతుంది. వెల్లకిలా ఉన్న మనిషిలో నాలుక మొదలూ, కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలీ వెనక్కి జారి గొంతు వెనుక గోడకు ఆనుకుంటాయి. "నాలుక మింగేశాడు" అంటారే, ఇదే. మింగడమేమీ ఉండదు. సొరుగు లాగితే అందులో సామాను కూడా వచ్చినట్టు, దవడను ముందుకు తెస్తే దాంతోపాటు నాలుకా వస్తుంది. ఆ కుర్రవాడు చేసింది అదే.

దెబ్బ తగలని మనిషైతే ఇంకా సులువు. ఒక అరచేయి నుదుటి మీద పెట్టి తల వెనక్కి వంచండి. రెండో చేతి రెండు వేళ్లతో గడ్డం ఎముకను పైకి ఎత్తండి. ఎముకను మాత్రమే, దాని కింద మెత్తటి భాగాన్ని కాదు. అక్కడ నొక్కితే నాలుకను మనమే లోపలికి నెట్టినట్టు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఎక్కిన ప్రతి రోగికీ నేను రోజూ చేసే పని ఇదే. 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పీటర్ సఫర్ అనే మత్తు వైద్యుడు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి కండరాలు సడలే మందు ఇచ్చి మరీ దీన్ని నిరూపించాడు. అప్పటిదాకా నీటిలో మునిగినవారిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కే పద్ధతులే ఎక్కువగా నేర్పేవారు. గొంతు మూసుకుని ఉంటే వీపు ఎంత నొక్కినా గాలి ఎక్కడినుంచి వస్తుంది?

సందేహాలరాయుడు | రాత్రి 10:52

డాక్టరమ్మా, మూడు సందేహాలు. మొదటిది, మా అమ్మ ఆపరేషన్ అప్పుడు థియేటర్‌లో తల కింద దిండు పెట్టడం నేను తలుపు సందులోంచి చూశాను. మీరేమో కండువా పెడితే తప్పంటున్నారు. రెండోది, రోడ్డు మీద పడినవాడికి మెడ ఎముక విరిగి ఉంటే? నేను తల కదిపి ఆ మనిషి జీవితాంతం మంచం పడితే ఆ పాపం ఎవరిది? మూడోది, పోలీసులు. సాక్ష్యమంటూ తిప్పుతారు. అందుకే జనం చూస్తూ నిలబడతారు, రాయి గుండెతో కాదు.

మత్తుడాక్టరు | రాత్రి 11:15

మొదటిది మంచి ప్రశ్న, మా జూనియర్లు కూడా తడబడే చోటు. థియేటర్‌లో తల వెనుక భాగం కింద పలుచటి దిండు పెట్టి, ఆ పైన తలను వెనక్కి వంచుతాం. పువ్వు వాసన చూసేటప్పుడు ముఖం ఎలా ముందుకు చాస్తామో అలా. దిండు పెట్టి వదిలేయం, మా చేయి గడ్డం మీదనుంచి కదలదు. రోడ్డు మీద కండువా పెట్టి అందరూ లేచి నిలబడ్డారు. తేడా అక్కడ ఉంది.

నెలల పిల్లల విషయంలో లెక్క మారుతుంది. వాళ్ల తల వెనుక భాగం పెద్దది కాబట్టి చదునుగా పడుకోబెట్టినా మెడ దానంతట అదే ముందుకు వంగుతుంది. అందుకని పలుచటి గుడ్డ తల కింద కాదు, భుజాల కింద పెడతాం. తల వెనక్కి ఎక్కువగా వంచినా వాళ్ల మెత్తటి గొంతు నొక్కుకుపోతుంది. ముఖం నేరుగా పైకప్పును చూస్తుంటే చాలు.

మెడ సంగతి అంబులెన్స్‌లో పనిచేసేవారు చెబితే బాగుంటుంది. నైట్‌డ్యూటీ తమ్ముడు ఇక్కడ ఉండాలి.

నైట్‌డ్యూటీ | సోమవారం, తెల్లవారుజామున 4:10

ఉన్నానక్కా, ఇప్పుడే బండి తిరిగి వచ్చింది.

రాయుడు గారూ, దెబ్బ తగిలినవారికి తల వంచకుండా దవడ మాత్రమే ముందుకు తెస్తాం, కాలువగట్టు గారు చూసినట్టు. తల కదలకుండా మోచేతులు నేలకు ఆనించి పట్టుకోవచ్చు. అలా చేసినా గాలి ఆడకపోతే అప్పుడు తల కొద్దికొద్దిగా వంచుతాం. మాకు శిక్షణలో మొదటిరోజే చెప్పింది ఇది: విరిగిన మెడకు వైద్యం చేయడానికి మనిషి బతికి ఉండాలి. ఊపిరి ఆడకపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మా బండి ఎంత తొందరగా వచ్చినా ఆ నాలుగైదు నిమిషాలు మాత్రం మీవే.

పోలీసుల భయానికి ఇప్పుడు చోటు లేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు ఉన్నాయి, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి ఉద్దేశంతో సాయం చేసినవారి మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదు.

నేను చెవితో పని మొదలుపెడతాను. దగ్గరికి వెళ్తుండగానే వింటాను. గురకైతే నాలుక. గుడగుడమంటే గొంతులో రక్తమో వాంతో. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని ఈల వస్తే ఇంకా కింద, స్వరపేటిక దగ్గర వాపో, ఇరుక్కున్న వస్తువో ఉంటుంది. అది వింటే నాకు చెమటలు పడతాయి. అన్నిటికంటే భయం, ఛాతీ ఎగిసిపడుతున్నా చప్పుడు లేకపోవడం. ఛాతీ లోపలికి పోతుంటే పొట్ట పైకి లేస్తుంది, తక్కెడలాగా. చూసేవాళ్లు "ఊపిరి తీస్తున్నాడండీ" అంటారు. తీయడానికి ప్రయత్నిస్తున్నాడంతే. ముక్కు దగ్గర చెంప పెడితే గాలి తగలదు.

గుడగుడ వినిపిస్తే దవడ ఎత్తి లాభం లేదు. ముందు శుభ్రం చేయాలి. పురుగుమందు తాగినవారిని తీసుకొచ్చేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. నోట్లోంచి నురగ ఊరుతూనే ఉంటుంది, తుడిచినకొద్దీ వస్తుంది. సక్షన్ గొట్టం కనిపించినంత మేరకే లోపలికి పెట్టి, బయటికి తీస్తూ లాగుతాం. ఒక్కోసారికి 15 సెకన్లు దాటకూడదు, ఎందుకంటే మనం పీల్చేది నురగతోపాటు అతని గాలిని కూడా. మీ దగ్గర సక్షన్ లేకపోతే మనిషిని పక్కకు తిప్పండి. వాంతి కిందికి కారిపోతుంది. మెడ దెబ్బ అనుమానం ఉంటే తల, భుజాలు, నడుము ముగ్గురు పట్టుకుని ఒకేసారి దుంగను దొర్లించినట్టు తిప్పాలి.

ఇంకొకటి, హెల్మెట్. ఒక్కరే లాగేయకండి. ఒకరు కింది నుంచి మెడను, దవడను పట్టుకుంటే రెండోవారు మెల్లగా జార్చాలి.

పెద్దింటి_కోడలు | ఉదయం 7:30

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, ఫిట్స్ వస్తాయి. వచ్చినప్పుడల్లా అత్తగారు చేతిలో తాళాల గుత్తి పెడతారు, మరిది నాలుక కరుచుకోకుండా చెంచా పెట్టబోతాడు. ఫిట్ ఆగాక చాలాసేపు గురక పెడుతూ పడుకుంటాడు. అదీ ప్రమాదమేనా? ఇది చదివాక చేతులు వణుకుతున్నాయి.

మత్తుడాక్టరు | ఉదయం 8:05

అమ్మా, భయపడకండి. తాళాల గుత్తి వల్ల మేలు లేదు, దూరంగా పెట్టేయండి, దాని కోసం అత్తగారితో గొడవ మాత్రం వద్దు. చెంచా విషయంలో గొడవపడినా పరవాలేదు. విరిగిన పన్ను గొంతులోకి జారిన పిల్లలను చూశాను. కరుచుకున్న నాలుక నాలుగు రోజుల్లో మానుతుంది.

కొట్టుకుంటున్నప్పుడు గట్టిగా పట్టి ఆపకండి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి, గడియారం చూడండి. ఆగగానే పక్కకు తిప్పి, పై చేతిని చెంప కింద పెట్టి, పై మోకాలు ముందుకు మడిచి, గడ్డం కాస్త పైకి ఉండేలా చూడండి. అలా తిప్పగానే చాలామందిలో గురక తగ్గిపోతుంది. రంగు, ఊపిరి చూస్తూ పక్కనే కూర్చోండి. 5 నిమిషాలు దాటినా, మెలకువ రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి.

మాంచెస్టర్_నర్సు | ఉదయం 11:20

పిల్లల మాట వచ్చింది కాబట్టి. మనవాళ్లకు పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తి మీద తడతాం కదా. మా నానమ్మ ఇప్పటికీ వీడియో కాల్‌లో కూడా తన నెత్తి తనే తట్టుకుంటుంది. దగ్గు వస్తున్నంతసేపు నెత్తి తట్టినా నష్టం లేదు, లాభమూ లేదు. దగ్గనివ్వాలి, నీళ్లు తాగించకూడదు. దగ్గు రాక, మాట రాక, రెండు చేతులతో గొంతు పట్టుకున్నారంటే నెత్తిని వదిలేయండి. మనిషిని ముందుకు వంచి, అరచేతి మడమతో రెండు భుజాల ఎముకల మధ్య 5 సార్లు బలంగా కొట్టాలి. రాకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు. ఇరుక్కున్నది బయటపడేదాకా మార్చి మార్చి ఇదే. గర్భిణులకు పొట్ట బదులు ఛాతీ మధ్యలో. ఏడాదిలోపు పిల్లలకు పొట్ట ముట్టుకోకూడదు, తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద 5, తిప్పి ఛాతీ మీద 5. ఈలోగా స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి గుండె నొక్కడం మొదలుపెట్టాలి.

బ్రిటన్‌లో వీపు దెబ్బలతో మొదలుపెట్టడం ఎప్పటినుంచో ఉంది. 1974లో హైమ్లిక్ అనే డాక్టరు చెప్పిన పొట్ట నొక్కడాన్నే అమెరికావారు చాలా ఏళ్లు పెద్దవాళ్లకు నేర్పారు. 2025 మార్గదర్శకాల్లో వాళ్లూ ముందు వీపే అన్నారు. నోట్లో కనబడని వస్తువు కోసం వేలు పెట్టి వెతకకండి. వేరుశనగ గింజ మీ వేలితోనే ఇంకా లోపలికి పోతుంది.

కొత్తగాచేరాను | మధ్యాహ్నం 1:15

నర్సింగ్ మూడో సంవత్సరం. అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి, బొమ్మ మీద బాగానే వచ్చింది. మొన్న వార్డులో నిజం మనిషికి పెట్టమంటే మాస్కు పక్కనుంచి బుస్సుమని గాలంతా పోయింది. సిస్టర్ గారు అందరి ముందూ కేకలేశారు. ఏం తప్పు చేశానో మాత్రం చెప్పలేదు.

నైట్‌డ్యూటీ | మధ్యాహ్నం 2:40

నేను చెబుతాను చెల్లీ, ఎందుకంటే ఆరు నెలలు అదే తప్పు చేశాను. మాస్కును ముఖం మీదికి అదిమి ఉంటావు. అలా అదిమితే దవడ వెనక్కి పోతుంది, తెరవాల్సిన దారి మూస్తున్నావు. ముఖాన్నే మాస్కులోకి లాగాలి. బొటనవేలు, చూపుడువేలు మాస్కు చుట్టూ ఇంగ్లీషు సి అక్షరంలా, మిగిలిన మూడు వేళ్లు దవడ ఎముక కింద ఇంగ్లీషు E అక్షరంలా పెట్టి ఎముకను పైకి లాగు. చిటికెనవేలు దవడ మూలలో కొక్కెంలా తగులుకోవాలి. పది నిమిషాల తరువాత చేయి నొప్పి పుట్టకపోతే సరిగా పట్టుకోనట్టే లెక్క.

గుబురు గడ్డం ఉన్నవారికి మాస్కు అంచున జెల్లీ రాస్తే గాలి కాస్త ఆగుతుంది. పెట్టుడు పళ్లు గట్టిగా ఉంటే తీయకు, బుగ్గలు లోపలికి పోతే మాస్కు కూర్చోదు. ఊడిపోతుంటే మాత్రం తీసేయాలి. ఇద్దరు ఉంటే ఒకరు రెండు చేతులతో మాస్కు, ఇంకొకరు బ్యాగ్. ఆసుపత్రిలో మనుషులు ఉంటారు కాబట్టి అడుగు, నామోషీ పడకు. మా బండిలో పైలట్, అంటే డ్రైవరు, స్టీరింగ్ వదలలేడు. వెనకాల నేనొక్కడినే.

గ్యూడెల్ ఎయిర్‌వే పెట్టావా? నాలుక వెనక్కి జారకుండా ఆ వంకర ప్లాస్టిక్ ముక్క పట్టి ఉంచుతుంది. నోటి మూల నుంచి దవడ మూల దాకా ఆనించి కొలత చూసుకో. పొట్టిదైతే నాలుకనే వెనక్కి తోస్తుంది, పొడుగైతే కొండనాలుకలోని గుట్టును, అంటే స్వరపేటిక మీది మూతను, కిందికి నొక్కేస్తుంది. పెద్దవాళ్లకు తిరగేసి పెట్టి సగం పోయాక తిప్పాలి, పిల్లలకు నాలుకను చెక్కపుల్లతో నొక్కి నేరుగా. పెట్టబోతే ఓకరిస్తే వెంటనే తీసెయ్. ఓకరింత ఉన్నవారికి అది పెడితే వాంతి తప్పదు.

మత్తుడాక్టరు | మధ్యాహ్నం 3:05

తమ్ముడూ, నిద్రలేక రాస్తున్నావు. స్వరపేటిక మూతకూ కొండనాలుకకూ సంబంధం లేదు, చెల్లెలు పరీక్షలో అదే రాసేస్తుంది. మిగతాదంతా నా క్లాసు కంటే బాగుంది.

నేను చేర్చేది బ్యాగ్ నొక్కే వేగం. గాభరాలో ఎవరి చేయైనా నిమిషానికి ముప్పై నలభై సార్లు నొక్కేస్తుంది. నాడి ఉన్న పెద్దవారికి 6 సెకన్లకు ఒకసారి చాలు, నిమిషానికి 10. పిల్లలకు రెండు మూడు సెకన్లకు ఒకటి. బ్యాగ్ మొత్తం పిండకూడదు. పెద్దవాళ్ల బ్యాగ్‌లో లీటరున్నర గాలి ఉంటుంది, కావలసింది దాదాపు అర లీటరు. ఛాతీ లేవడం కనిపించగానే వదిలేయాలి. ఎక్కువ కొట్టిన గాలి పొట్టలోకి పోతుంది, పొట్ట ఉబ్బితే వాంతి, వాంతి వస్తే మళ్లీ మొదటికి.

నైట్‌డ్యూటీ | మధ్యాహ్నం 3:12

తప్పయింది. ఆ వాక్యంలో కొండనాలుక కొట్టేసి చదువుకో చెల్లీ. నేను పడుకుంటున్నాను.

పొలంపని | సాయంత్రం 6:50

6 సెకన్ల మాట చూసి ఆగలేక రాస్తున్నాను. మాది భద్రాచలం వైపు ఏజెన్సీ. నాలుగేళ్ల కిందట వానాకాలం, నేల మీద పడుకున్న మా బావమరిదిని రాత్రి కట్లపాము కరిచింది. కాటు కనబడనే లేదు. కడుపునొప్పి అన్నాడు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముక్కుతో వచ్చింది, ఉమ్ము మింగలేకపోయాడు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు విషానికి విరుగుడు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, దానికి అంబు బ్యాగ్ తగిలించి పెద్దాసుపత్రికి పంపారు. నర్సమ్మ ఒక్కతే, దారి గతుకులు. అరగంటకు ఆమె చేయి పడిపోయింది. నన్నూ మా చిన్నాన్ననూ కూర్చోబెట్టి "అయిదు అంకెలు లెక్కపెట్టి ఆరోదానికి నొక్కండి" అని నేర్పింది. రెండు గంటలు నొక్కాం. మనిషి కట్టెలా ఉన్నాడు, వేలు కదలదు, రెప్ప లేవదు. మా చిన్నాన్న మధ్యలో "వీడు పోయాడురా, ఎందుకు నొక్కుతున్నాం" అని ఏడ్చాడు.

వెంటిలేటర్ మీద ఆరు రోజులు ఉండి లేచాడు. మాట వచ్చాక మొదట మా చిన్నాన్నను అడిగాడు, "నేను పోయానని ఎందుకన్నావు" అని. తరువాత నాతో అన్నాడు: "నువ్వు లెక్క తప్పినప్పుడల్లా నాకు తెలిసేది బావా. తరువాతి ఊపిరి ఎప్పుడిస్తావా అని ఎదురుచూసేవాడిని."

మత్తుడాక్టరు | సాయంత్రం 7:30

పొలంపని గారూ, మీ రాత రెండుసార్లు చదివాను.

కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది. విరుగుడు ఇచ్చినా ఆ చివర్లు కోలుకోవడానికి రోజులు పడుతుంది. అందాకా మెదడుకు ఏమీ కాదు, అన్నీ వినబడతాయి, ఊపిరి తీసే కండరాలు మాత్రం పనిచేయవు. ఎవరో ఒకరు ఊపిరి ఇస్తూ ఉంటే మనిషి బతుకుతాడు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు యంత్రాలు చాలక, సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో బ్యాగులు నొక్కి రోగులను నిలబెట్టారు. ఆ తరువాత నాలుగేళ్లకు ఆ దేశంలోనే తయారైంది ఈ అంబు బ్యాగ్, నొక్కి వదిలితే దానంతట అదే ఉబ్బేది. అక్కడ విద్యార్థులు చేసిన పని మీ బండిలో మీరూ మీ చిన్నాన్న గారూ చేశారు.

కాలువగట్టు | రాత్రి 9:05

నా చిన్న ప్రశ్నకు ఇంత వస్తుందనుకోలేదు. ఆ కండువా పెద్దాయన మా ఊరికి రెండు మైళ్ల దూరంలో ఉంటాడట. వెళ్లి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. తన వల్లే ఊపిరాడలేదని తెలిస్తే బాధపడతాడేమో.

నైట్‌డ్యూటీ | రాత్రి 9:20

చెప్పండి, కాకపోతే తప్పుపడుతూ కాదు. దవడ ఎలా ఎత్తాలో చూపించి రండి. రోడ్డు పక్క ఊళ్లో ఉంటాడు కాబట్టి మీకంటే నాకంటే ముందు ఆయనే చేరతాడు.

సందేహాలరాయుడు | రాత్రి 10:30

డాక్టరమ్మా, నేను ఏదీ చూడకుండా నమ్మను. ఈ మధ్యాహ్నం మా నాన్నగారు భోజనం చేసి వెల్లకిలా పడుకుని ఇల్లు అదిరేలా గురక పెడుతుంటే, నుదుటి మీద చేయి వేసి గడ్డం ఎత్తాను. గురక టక్కున ఆగింది. గాలి హాయిగా ఆడుతోంది, చెంప పెట్టి చూశాను. ఒప్పుకుంటున్నాను. ఆయన మాత్రం కళ్లు తెరిచి "నా పీక పిసుకుతున్నావేమిట్రా" అని లేచి కూర్చున్నారు. సాయంత్రం దాకా మాట్లాడలేదు.

మత్తుడాక్టరు | రాత్రి 10:41

మెలకువ వచ్చే మనిషికి చేయకూడదని ముందే చెప్పాల్సింది. సరే, రాయుడు గారూ, ఒకటి అడుగుతాను. మీ నాన్నగారి గురక రాత్రిళ్లు మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి గుర్రుమని మళ్లీ మొదలవుతుందా? పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారా?

సందేహాలరాయుడు | రాత్రి 10:58

అమ్మను లేపి అడిగాను. ఆగుతుందట. ఒక్కోసారి తను పక్కకు తిరిగి ఆయన్ను తట్టి లేపుతుందట, ఇరవై ఏళ్లుగా.

మత్తుడాక్టరు | రాత్రి 11:02

ఈ వారంలోనే చెవి ముక్కు గొంతు డాక్టరుకు గానీ, ఊపిరితిత్తుల డాక్టరుకు గానీ చూపించండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బేమోనని పరీక్ష చేస్తారు. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, అక్కడ చెప్పాల్సింది ఆవిడే.